పెద్ద కార్బరేటర్ పెడితే పాత ఇంజన్‌కి పవర్ పెరుగుతుందా?

గాలిలో పెట్రోలు కలిపి ఇంజన్‌కి పంపే కార్బరేటర్ గురించి పాత బైకులు ఉన్నవాళ్ల మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. "పాత ఇంజన్‌కి వచ్చిన చిన్న కార్బరేటర్ తీసేసి పెద్దది పెట్టండి, మెయిన్ జెట్ ఒక్కటి మార్చుకోండి, పవర్ పెరుగుతుంది, మైలేజీ తగ్గదు. ఏ బండిదైనా పర్లేదు, గొట్టానికి పడితే చాలు. ఫిల్టర్ డబ్బా కూడా తీసేస్తే ఇంకా లాగుతుంది." ఇది నమ్మి మంచి ఇంజన్లను పాడుచేసుకుంటున్నారు, అందుకే ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నాను.

మొదటిది పవర్. 350 సీసీ ఫోర్ స్ట్రోక్ సింగిల్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది, అదీ దాదాపు ఆ 350 సీసీయే. ఆ గాలిని ఆపుతున్నది లోపలికి వదిలే ఇన్‌లెట్ వాల్వ్, దాని ముందున్న దారి (పోర్టు), వాల్వ్‌ను తెరిచే క్యామ్ అయితే వాటి ముందు ఎంత పెద్ద గొట్టం పెట్టినా ఇంజన్ పీల్చేది అంతే. పైగా నష్టం ఉంది. కార్బరేటర్ లోపల గాలి వెళ్లే రంధ్రం, అంటే బోరు, 26 మి.మీ.ది తీసి 30 మి.మీ.ది పెడితే వైశాల్యం 33 శాతం పెరుగుతుంది. రేస్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు అంతే గాలి ఆ పెద్ద బోరులోంచి వెళ్తే దాని వేగం పావు వంతు తగ్గుతుంది. జెట్‌లోంచి, అంటే పెట్రోలు వచ్చే సన్నటి రంధ్రంలోంచి, దాన్ని పైకి లాగేది ఆ వేగం వల్ల వచ్చే పీడన తేడా, అది వేగం వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి సుమారు 44 శాతం పడిపోతుంది. అంటే ఇంజన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు సరిగా లేవదు, లేచింది కూడా సన్నటి తుంపరగా కాకుండా చుక్కలుగా వస్తుంది.

ఇది నా బండి మీదే చూశాను. టాప్ గేర్‌లో 40 మీద వెళ్తూ ఒక్కసారి రేస్ ఇస్తే ముందు ఏమీ జరగదు, కార్బరేటర్ నోట్లోంచి బోలుగా గాలి పీల్చే చప్పుడు మాత్రం వస్తుంది, తర్వాత ఒక కుదుపు, ఆ తర్వాత గానీ బండి అందుకోదు. దాన్ని పోగొట్టాలని మెయిన్ జెట్ పెద్దది వేస్తే ప్లగ్గు నల్లగా మసి పట్టింది, కుదుపు మాత్రం అలాగే ఉంది. మైలేజీ తగ్గదన్న మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. పెట్రోలు సరిగా కలవని చోట జెట్లు పెంచి సర్దుకోవాల్సి వస్తుంది, పెంచినదంతా ట్యాంకులోంచే కదా పోయేది.

అసలు మెయిన్ జెట్ పని రేస్ ముప్పావు దాటాకే. స్లో రన్నింగ్ నుంచి సుమారు పావు వరకు పైలట్ జెట్‌ది, అక్కడే స్లైడ్ (రేస్ తిప్పితే పైకి లేచే తలుపు) అడుగున ఉండే కటవే (వాలుగా కోసిన భాగం) కూడా కలుస్తుంది, పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి ఉండే సూది (నీడిల్), అది దిగే నీడిల్ జెట్. రోజూ బండి నడిచేదంతా ఈ మధ్య భాగంలోనే. నమ్మకం లేకపోతే గ్రిప్ మీద టేపు అంటించి పావు, సగం, ముప్పావు గీతలు గీసుకుని ఒక వారం నడిపి చూడండి. ఇంకో చిక్కు నంబర్లది: అమాల్ కంపెనీ కార్బరేటర్ జెట్ మీద ఉండేది నిమిషానికి ఎన్ని సీసీలు పారుతుందన్న లెక్క, కీహిన్, డెల్లోర్టో కంపెనీలవి రంధ్రం వ్యాసం, మి.మీ.లో నూరో వంతుల్లో. కాబట్టి దీంట్లో 110 ఉంది, దాంట్లోనూ 110 వేస్తే సరిపోతుందనుకోవడం తప్పు.

"గొట్టానికి పడితే చాలు" అన్నది కూడా కుదరదు. టూ స్ట్రోక్‌కి చేసిన కార్బరేటర్‌లో నీడిల్ జెట్ తీరే వేరుగా ఉండొచ్చు, ఫోర్ స్ట్రోక్‌కి పెట్టాక ఎన్ని మెయిన్ జెట్లు మార్చినా మధ్యలో మిస్సింగ్ పోదు. ఏటవాలుగా బిగించాల్సి వస్తే ఫ్లోట్ లెవెల్ (కార్బరేటర్ గిన్నెలో పెట్రోలు మట్టం) తప్పి ఓవర్‌ఫ్లో అవుతుంది.

ఫిల్టర్ డబ్బా తీసేయమనడం వీటన్నిటికంటే ప్రమాదం. గాలి పెరిగి పెట్రోలు అంతే ఉంటే మిశ్రమం పలచనవుతుంది, ఇంజన్ వేడెక్కుతుంది. పెట్రోల్లో ఆయిల్ కలిపే టూ స్ట్రోక్ అయితే గాలితో పోలిస్తే పెట్రోలుతో పాటు ఆయిల్ కూడా తగ్గినట్టే, పిస్టన్ సీజ్ అయ్యేది (బిగుసుకుపోయేది) ఇలాగే. దుమ్ము లోపలికి పోతే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగిపోతాయి, అది వేరే నష్టం.

మరి "నేను పెట్టాను, బండి నిజంగానే బాగుంది" అనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లు తీసేసిన పాత కార్బరేటర్ అరిగిపోయి ఉంటుంది. 1967లో వచ్చిన అమాల్ కాన్‌సెంట్రిక్ కార్బరేటర్‌నే చూడండి, స్లైడూ బాడీ రెండూ ఒకే రకం మెత్తని జింకు లోహం, ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతాయి, ఆ సందులోంచి గాలి లాగి స్లో రన్నింగ్ నిలవదు. దాని బదులు కొత్తది ఏది పెట్టినా తేడా తెలుస్తుంది, ఆ తేడా సైజుది కాదు. పోర్టు, క్యామ్, సైలెన్సర్ అన్నీ మార్చి పై ఆర్‌పీఎమ్‌లో తిప్పే ఇంజన్‌కి పెద్ద బోరు అవసరమే, అది వేరే సంగతి.

కార్బరేటర్ మార్చే ముందు స్లైడ్ పట్టుకుని ముందుకూ వెనక్కూ కదిపి చూడండి, టకటకమని ఊగితే అరిగినట్టే. ఇంజన్ స్లో మీద ఉంచి ఇన్‌టేక్ రబ్బరు చుట్టూ సన్నగా నీళ్లు చిమ్మండి, చప్పుడు మారితే గాలి అక్కణ్నుంచే లాగుతోంది. రబ్బరు మార్చండి, స్లైడ్ అరిగి ఉంటే అదే సైజు కార్బరేటర్ కొత్తది వేసి, పైలట్ నుంచి మొదలుపెట్టి పైకి సరిచేసుకుంటూ రండి.