వెలుతురుకు స్పందించే మందులు, వాటి వెనుక మన పరిశోధక విద్యార్థులు

పుట్టిన రెండు మూడు రోజులకు పసిబిడ్డ ఒళ్లు పచ్చబడితే, ఆసుపత్రిలో కళ్లకు గంతలు కట్టి నీలి దీపాల కింద పడుకోబెట్టడం మనలో చాలామంది తల్లిదండ్రులు చూసిందే. ఆ దీపం బిడ్డకు వెచ్చదనం కోసం పెట్టింది కాదు. రక్తంలో పేరుకుపోయిన బిలిరుబిన్ అనే పసుపురంగు అణువు నీలికాంతిని పీల్చుకోగానే తన ఆకారం మార్చుకుంటుంది. ఆకారం మారిన అణువు నీటిలో తేలిగ్గా కరుగుతుంది కనుక, ఇంకా పూర్తిగా పనికి అలవాటుపడని పసి కాలేయం కూడా దాన్ని బయటికి పంపగలుగుతుంది. 1956లో ఇంగ్లండులోని రాచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో, బిడ్డలను లేత ఎండకు ఆరుబయటికి తీసుకెళ్లే ఒక నర్సు, ఎండ తగిలినంత మేర పసుపు తగ్గి దుప్పటి కప్పిన చోట మాత్రం అలాగే ఉండిపోవడం గమనించి వైద్యులకు చూపించింది. 1958లో ఆ వైద్యులు తమ పరిశీలనలను లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. అణువు ఆకారం మారడమే దీని కీలకమని రసాయన శాస్త్రజ్ఞులు తేల్చడానికి మాత్రం మరో రెండు దశాబ్దాలు పట్టింది.

బిలిరుబిన్‌కు పుట్టుకతో ఉన్న ఈ గుణాన్ని మందులలోకి కావాలని తీసుకురావడమే నేడు అనేక విశ్వవిద్యాలయాల రసాయనశాస్త్ర ప్రయోగశాలలు చేస్తున్న పని. అటువంటి ప్రయోగశాల సభ్యుల పట్టికలో ఆచార్యుడి పేరు ఒక్కటే ఉంటే, పిహెచ్.డి. విద్యార్థుల పేర్లు ఎన్నో ఉంటాయి. ఆ పేర్లలో మన తెలుగు పేర్లూ కనిపిస్తాయి. అమెరికాలోని మన తెలుగు సంఘం ఈ పిల్లలను పట్టించుకోవలసినంతగా పట్టించుకోవడం లేదని నా అభిప్రాయం. వారు చేసే పని ఏమిటో ముందు కొంత వివరిస్తే, ఎందుకు పట్టించుకోవాలో పాఠకులకే తెలుస్తుంది.

ఈ రంగంలో తరచుగా వాడే అణువు అజోబెంజీన్. రెండు బెంజీన్ వలయాలను రెండు నత్రజని పరమాణువులు కలిపి ఉంచుతాయి. 365 నానోమీటర్ల దరిదాపు తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతి పడితే చదునుగా ఉన్న ఆ అణువు వంగుతుంది. నీలికాంతి పడినా, కొంతకాలం చీకట్లో వదిలేసినా మళ్లీ చదునవుతుంది. వంగిన రూపం ఉందని హార్ట్‌లీ అనే శాస్త్రజ్ఞుడు 1937లోనే చూపించాడు. మందు అణువులో దీన్ని ఒక భాగంగా చేర్చితే, ఒక ఆకారంలో ఆ మందు తాను పట్టుకోవలసిన ప్రొటీన్‌లో ఇముడుతుంది, రెండో ఆకారంలో ఇమడదు. అంటే మందు రక్తంతోపాటు ఒళ్లంతా పారినా, వైద్యుడు వెలుతురు వేసిన చోట మాత్రమే పనిచేసేలా చూడవచ్చు. కణితిని చంపవలసిన కీమోథెరపీ మందు జుట్టు కుదుళ్లను, పేగుల లోపలి పొరను, ఎముకల మూలుగను కూడా దెబ్బతీయడం వల్ల ఒక మనిషి ఎంత నలిగిపోతాడో దగ్గరుండి చూసినవారికి, ఈ ఆలోచన విలువ ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

ఆలోచన ఒక వాక్యంలో పట్టినా, ప్రయోగశాలలో అది ఏళ్ల తరబడి సాగే పని. గదిలోని మామూలు దీపాల వెలుతురుకే అణువు మారిపోతుంది కనుక, పరిశోధన చేసే అమ్మాయి గాజు ఫ్లాస్కులకు, అణువు నిర్మాణాన్ని పరీక్షించే ఎన్.ఎం.ఆర్. యంత్రంలో పెట్టే సన్నటి గొట్టాలకు అల్యూమినియం రేకు చుట్టి, కిటికీ మూసి, మసక ఎర్ర దీపం వెలుగులో పదార్థాన్ని శుద్ధి చేసుకుంటుంది. అనేక అంచెల తర్వాత చేతికి వచ్చిన కొద్ది మిల్లీగ్రాముల పొడిని కరిగించి, ఆ పలచటి పసుపు ద్రావణాన్ని క్యువెట్ అనే చిన్న క్వార్ట్జ్ పాత్రలో పోసి, చిన్న ఎల్.ఇ.డి. దీపం వెలిగిస్తే, కాసేపటికి రంగు నారింజ వైపు మళ్లుతుంది. ద్రావణం ఏ కాంతిని ఎంత పీల్చుకుందో చూపే స్పెక్ట్రోమీటర్ తెర మీద 320 నానోమీటర్ల దగ్గరి పెద్ద శిఖరం కుంగి, 440 దగ్గరి చిన్న శిఖరం లేస్తుంది. అసలు చిక్కులు అక్కడే మొదలవుతాయి. ఎంతసేపు వెలిగించినా అణువులన్నీ మారవు; కొంత భాగం పాత ఆకారంలోనే మిగిలిపోతుంది, ఆ మిగిలినది మందుగా పనిచేసే రూపమైతే, ఆపాలనుకున్న చోట మందు ఆగదు. అది సరిచేశాక, జీవకణాలలో ఉండే గ్లూటాథయోన్ అనే పదార్థం ఆ రెండు నత్రజని పరమాణువుల నడుమ బంధాన్ని పాడుచేస్తుందని తేలవచ్చు. అప్పుడు మొదటి అంచె నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.

ఈ రంగంలో నన్ను అన్నిటికంటే ఆకట్టుకున్న ప్రయత్నం నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయంలో జరిగింది. అణువులతో అతిచిన్న యంత్రాలు నిర్మించినందుకు 2016లో మరి ఇద్దరితో కలిసి నోబెల్ బహుమతి అందుకున్న బెన్ ఫెరింగా, తన బృందంతో 2013లో క్వినోలోన్ అనే కుటుంబానికి చెందిన ఒక యాంటీబయాటిక్‌కు అజోబెంజీన్ చేర్చి ఫలితాలు ప్రచురించాడు. కాంతి వేస్తే ఆ మందుకు బాక్టీరియాను అడ్డుకునే శక్తి వస్తుంది. ఆ తర్వాత కొన్ని గంటలలో ఆ శక్తి దానంతటదే తగ్గిపోతుంది. వాడిన యాంటీబయాటిక్ ఒంటి నుంచి బయటికి పోయి, నీటిలో, మట్టిలో క్రియాశీలంగా ఉండిపోతే, అక్కడి సూక్ష్మజీవులు దానికి తట్టుకోవడం నేర్చుకుంటాయి. ఆ ప్రమాదాన్ని తగ్గించాలన్నదే ఇక్కడి ఉద్దేశం. హైదరాబాదు పరిసరాల నుంచి వచ్చినవారికి ఇది దూరపు సంగతి కాదు. పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల వ్యర్థజలాలను శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీటిలో, అదే క్వినోలోన్ కుటుంబానికి చెందిన సిప్రోఫ్లాక్ససిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు వెల్లడించారు. మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. పటాన్‌చెరుకు ముందుగా కావలసింది వ్యర్థజలాల మీద కఠినమైన అదుపే, సందేహం లేదు. అయినా పని ముగిశాక తానే చల్లబడే మందును తయారు చేయాలన్న పట్టుదల ఆ నీటి పక్కన పెరిగిన పిల్లలకు ఉండటం ఎంతో సహజం, ఎంతో అవసరం.

ఆశ ఎంత ఉన్నా హద్దులూ చెప్పాలి. అతినీలలోహిత కాంతి చర్మం లోతుకు పోదు; నీలికాంతి సుమారు ఒక మిల్లీమీటరు దాకా పోతుంది; ఎరుపు, దానికి ఆనుకుని ఉన్న పరారుణం మాత్రమే మరికొన్ని మిల్లీమీటర్లు చేరతాయి. అందుకే టొరంటో విశ్వవిద్యాలయంలో ఆండ్రూ వూలీ బృందం వంటివారు అజోబెంజీన్ వలయాలకు మెథాక్సీ, క్లోరిన్ అనే చిన్న రసాయన సమూహాలను తగిలించి, ఎరుపు కాంతికే స్పందించే అణువులను రూపొందించారు. కాంతి తేలిగ్గా చేరే అవయవం కన్ను. రెటినైటిస్ పిగ్మెంటోసా అనే వంశపారంపర్య వ్యాధిలో కాంతిని గ్రహించే కణాలు నశించినా, మెదడుకు సంకేతం పంపే కణాలు చాలాకాలం బతికే ఉంటాయి. ఆ కణాల పొరలో విద్యుదావేశం గల అయాన్లు వచ్చిపోయే ద్వారాలను కాంతితో తెరిచి మూసే అణువుల మీద కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలో రిచర్డ్ క్రేమర్, డిర్క్ ట్రౌనర్ తదితరుల తొలి పరిశోధనా పత్రం 2004లో వచ్చింది. అటువంటి అణువుతో గుడ్డి ఎలుకలు వెలుతురుకు స్పందించాయన్న పత్రం 2012లో వచ్చింది. ఆ పరంపరలోని మందును మనుషుల కంట్లోకి ఎక్కించిన తొలి చిన్న పరీక్ష 2022లో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో మొదలైంది. తొలి పత్రానికీ తొలి రోగికీ నడుమ 18 ఏళ్లు. ఇంత చేసినా అది ప్రధానంగా భద్రతను చూసే పరీక్ష మాత్రమే.

కాబట్టి కాంతితో సర్వరోగాలూ నయమవుతాయంటూ వాట్సాప్‌లో తిరిగే సందేశాలను నమ్మవద్దని కూడా ఈ సందర్భంలో మనవి చేస్తున్నాను. మన ఊళ్లలో బొల్లికి బావంచాలు నూరి రాసి ఎండలో కూర్చోబెట్టే వైద్యం తరతరాలుగా ఉంది. ఆ గింజల్లోని సోరాలెన్ నిజంగానే కాంతికి స్పందించే అణువు, ఆ కుటుంబపు అణువులతోనే 1970లలో, మందు ఇచ్చి అతినీలలోహిత కాంతి వేసే పూవా చికిత్స రూపుదిద్దుకుంది. అయితే కాంతి మోతాదు తెలియకుండా ఇంట్లో చేసుకుంటే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది, దీర్ఘకాలం వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. ఇవి వైద్యుడి పర్యవేక్షణలోనే జరగాలి.

ఇక మన సంగతి. ఇంటి విందులలో, పండుగ సభలలో పిహెచ్.డి. చేస్తున్న అమ్మాయి ఎదురైతే మనం అడిగే మొదటి ప్రశ్న "ఇంకా ఎన్నాళ్లమ్మా?" అని, రెండోది "అయ్యాక ఉద్యోగం వస్తుందా?" అని. ఏం పని చేస్తున్నావని అడిగేవారు అరుదు. రెండేళ్ల ఎం.ఎస్., వెంటనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అనే కొలతతో అందరినీ కొలవడం మనకు అలవాటైపోయింది. అమెరికాలో రసాయనశాస్త్ర పిహెచ్.డి.కి ఐదారేళ్లు పడుతుంది. ఆ కాలమంతా ఆచార్యుడి గ్రాంటు నుంచో, పాఠాలు చెప్పినందుకో వచ్చే కొద్దిపాటి భృతితో బతకాలి. 2025 ఫిబ్రవరిలో వైద్య పరిశోధనలకు గ్రాంట్లు ఇచ్చే అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అంటే ఎన్.ఐ.హెచ్., విశ్వవిద్యాలయాలకు భవనాలు, పరిపాలన వంటి వాటి కింద ఇచ్చే పరోక్ష ఖర్చులను 15 శాతానికి పరిమితం చేస్తామని ప్రకటించినప్పుడు, న్యాయస్థానాలు దాన్ని నిలిపివేసినా, ప్రయోగశాలల్లో పుట్టిన భయం పోలేదు. వీసా మీద ఉన్న విద్యార్థికి గ్రాంటు ఆగడమంటే చదువు, నివాసం రెండూ ఒక్కసారే ప్రశ్నార్థకం కావడం.

మన సంఘం ఉపకార వేతనాలలో కొంత మొత్తాన్ని ప్రకృతిశాస్త్రాల పరిశోధక విద్యార్థుల కోసం విడిగా కేటాయించాలని కోరుతున్నాను. అమెరికన్ కెమికల్ సొసైటీ ఏటా వసంతంలో, శరత్తులో జరిపే సమావేశాలకు వెళ్లి తమ పనిని చెప్పుకోవడానికి ప్రయాణ ఖర్చు ఇవ్వవచ్చు. గ్రాంటు హఠాత్తుగా ఆగిన విద్యార్థికి ఒక సెమిస్టరు గడిచేలా అత్యవసర సాయం చేయవచ్చు. రెండింటిలో రెండోదే ముందు జరగాలని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రయాణం వాయిదా వేసుకోవచ్చు గానీ ఇంటి అద్దె వాయిదా పడదు. అలాగే ఈ పత్రికలో ప్రతి సంచికకూ రెండు పేజీలు వారికి ఇచ్చి, తమ పరిశోధనను తెలుగులో వివరించమని అడగాలి. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తల్లిదండ్రులకు ఆ సంచిక పంపితే, బిడ్డ ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నదో వారికి మొదటిసారి తమ భాషలో తెలుస్తుంది. దరఖాస్తుల పరిశీలనకు ఈ శాస్త్రాలు తెలిసిన ముగ్గురు నలుగురు సభ్యులు చాలు. ఆ పనికి నా సమయం ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నానని కార్యవర్గానికి తెలియజేస్తున్నాను.