క్రాప్ సెన్సార్ పని అయిపోయిందా? ఆ ఫార్వర్డ్‌లో ఉన్న ఒక్కో మాటకీ నా జవాబు

మొన్న రాత్రి పదకొండింటికి ఒక కుర్రాడు మెసేజ్ పెట్టాడు. రెండేళ్ళ నుంచి నాతోపాటు ఫోటోలు తీయడానికి వస్తుంటాడు, మంచి కన్నున్న పిల్లాడు. “అన్నా, క్రాప్ సెన్సార్ పని అయిపోయిందంట కదా, రేటు ఇంకా పడిపోకముందే నా లెన్సులన్నీ అమ్మేయనా?” అని. తెలీనివాళ్ళ కోసం ఒక మాట, కెమెరాలో వెలుగుని ఫోటోగా మార్చే చిప్పు సెన్సార్, అది 36×24 మి.మీ. ఉంటే ఫుల్ ఫ్రేమ్, దానికన్నా చిన్నది క్రాప్. మెసేజ్ కింద ఒక ఫార్వర్డ్ అతికించాడు. అది నాకు అప్పటికే నాలుగు వైపుల నుంచి వచ్చింది, మీలో కూడా చాలామంది చూసే ఉంటారు. అందులో ఉన్నదేంటంటే, ఇంకో ఐదేళ్ళలో క్రాప్ కెమెరాలు ఉండవు, కంపెనీలు వాటిని ఇప్పటికే వదిలేశాయి, ఫుల్ ఫ్రేమ్ చవకైపోయింది, కింద నుంచి ఫోన్లు మింగేస్తున్నాయి, క్వాలిటీ ఎలాగూ ఫుల్ ఫ్రేమ్‌లో సగం కూడా రాదు, కాబట్టి ఇవాళ క్రాప్ లెన్సు మీద పెట్టే డబ్బు బూడిదలో పోసినట్టే, కొంటే ఫుల్ ఫ్రేమ్ లెన్సులే కొనండి అని.

చదివితే నిజంగా బాధేసింది. ఎందుకంటే ఇది చదివి భయపడేది కొత్తగా నేర్చుకునేవాళ్ళే, చేతిలో చక్కగా పనిచేస్తున్న సామాను సగం రేటుకి అమ్ముకునేదీ వాళ్ళే. అందుకే కూర్చుని ఒక్కో మాటా తీసుకుని రాస్తున్నా.

మొదటి మాట, “కంపెనీలు వదిలేశాయి, ఐదేళ్ళలో ఉండవు.”

ఈ జోస్యం కొత్తది కాదు. 2005లో కెనాన్ 5డీ అనే ఫుల్ ఫ్రేమ్ కెమెరా వచ్చినప్పుడు ఇదే అన్నారు, 2012లో నికాన్ డీ600, కెనాన్ 6డీ ఫుల్ ఫ్రేమ్‌లని ఒకే నెలలో ప్రకటించినప్పుడు మళ్ళీ అన్నారు, 2013లో సోనీ ఏ7 వచ్చాక ఇక అయిపోయింది అన్నారు, 2019లో కెనాన్ ఆర్‌పీ వచ్చాక ఈసారి మాత్రం ఖాయం అన్నారు. ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. 2022లో అదే కెనాన్ ఆర్7, ఆర్10 అనే క్రాప్ కెమెరాలు తెచ్చింది, తర్వాతి ఏడాది ఆర్50, ఆర్100 వచ్చాయి. సోనీ 2023లో ఏ6700 దించింది. నికాన్ 2024లో జెడ్50 టూ తెచ్చింది. ఫ్యూజీ సంగతి ఇంకా స్పష్టం, వాళ్ళకి అసలు ఫుల్ ఫ్రేమ్ లైనే లేదు, క్రాప్ నుంచి నేరుగా 44×33 మి.మీ. మీడియం ఫార్మాట్‌కి దూకారు, మధ్యలో ఉన్నదాన్ని కావాలనే వదిలేశారు. 2024లో వాళ్ళ ఎక్స్100 సిక్స్ వస్తే జనం నెలల తరబడి వెయిటింగ్‌లో ఉన్నారు, అందులో ఉన్నది 40 మెగాపిక్సెల్ క్రాప్ సెన్సారే.

“మరి కెనాన్ ఈఎఫ్-ఎమ్ మూసేసింది కదా” అని ఆ ఫార్వర్డ్‌లో ఒక లైను ఉంది. నిజమే, మూసేసింది. కానీ మూతపడింది ఒక మౌంటు, అంటే కెమెరాకి లెన్సు బిగించే అమరిక, సెన్సార్ సైజు కాదు. అదే సైజు సెన్సార్‌ని ఆర్ఎఫ్ మౌంటులోకి మార్చుకున్నారు. ఆ మార్పులో నిజంగా నష్టపోయింది ఈఎఫ్-ఎమ్ లెన్సులు కొన్నవాళ్ళు, ఎందుకంటే అవి ఆర్ఎఫ్ బాడీకి (లెన్సు తీసేసిన కెమెరాకి) ఎక్కవు, ఎడాప్టర్ కూడా లేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఆ అనుభవం నుంచి నేర్చుకోవాల్సింది ఏ మౌంటుకి ముందుముందు లెన్సులు వస్తాయో చూసుకుని కొనాలని, అంతే తప్ప చిన్న సెన్సార్ చచ్చిపోయిందని కాదు.

ఒప్పుకోవాల్సింది ఒప్పుకుంటా. నికాన్ డీ500 లాంటి గట్టి క్రాప్ బాడీకి మిర్రర్‌లెస్‌లో, అంటే లోపల అద్దం లేని కొత్త తరం కెమెరాల్లో, ఇంతవరకు వారసుడు రాలేదు, జెడ్50 టూ లో కూడా 20.9 మెగాపిక్సెల్ దగ్గరే ఆగారు. కెనాన్ సొంతంగా చేసిన ఆర్ఎఫ్-ఎస్ లెన్సులు (ఆర్ఎఫ్ మౌంటుకి క్రాప్ కోసం చేసినవి) వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, వాటిలో ఎక్కువ భాగం కెమెరాతోపాటు ఇచ్చే, వెలుగు తక్కువ తీసుకునే కిట్ జూములే. కొన్నేళ్ళపాటు ఈ కంపెనీలు క్రాప్ వాళ్ళని మెట్టెక్కి పైకి వెళ్ళిపోయే కస్టమర్లలాగే చూశాయి, ఇది నేనూ అనుభవించిందే. కానీ గాలి మళ్ళిందీ అక్కడే. 2024లో కెనాన్ తన ఆర్ఎఫ్ మౌంటుని క్రాప్ లెన్సుల వరకు సిగ్మాకి, టామ్రాన్‌కి తెరిచింది. 2025లో సిగ్మా 17-40 ఎఫ్/1.8 అని ఒక జూము తెచ్చింది (మొదటి అంకెలు ఎంత వెడల్పు నుంచి ఎంత దూరం దాకా చూస్తుందో చెప్తాయి, ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుగు), కేవలం క్రాప్ కోసం డిజైన్ చేసింది, 2013 నాటి తమ 18-35 కన్నా రేంజ్ ఎక్కువ, బరువు బాగా తక్కువ. ఫుల్ ఫ్రేమ్ లెన్సులు కూడా చేసే కంపెనీ, చచ్చిపోయే ఫార్మాట్ కోసం ఇంత కష్టపడి కొత్త గాజు ఎందుకు అరగదీస్తుంది? క్రాప్ భవిష్యత్తు గురించి ఎవరైనా అడిగితే నేను బాడీల లిస్టు చూడమనను, కొత్తగా వస్తున్న లెన్సులు చూడమంటా.

రెండో మాట, “ఫుల్ ఫ్రేమ్ చవకైపోయింది, చిన్నదీ అయిపోయింది.”

బాడీ వరకు ఇందులో చాలా నిజం ఉంది. కెనాన్ ఆర్8 ఫుల్ ఫ్రేమ్, బరువు 461 గ్రాములు, అదే కంపెనీ క్రాప్ బాడీ ఆర్7 ఏమో 612. అంటే క్రాపే బరువు! సోనీలో ఏ7సీ టూ, ఏ6700 పక్కపక్కన పెడితే తేడా 20 గ్రాములు. కాబట్టి “క్రాప్ బాడీ చిన్నది” అని వాదించేవాళ్ళతో నేను కూడా ఏకీభవించను.

కానీ బాడీ ఒక్కదాన్నే మెడలో వేసుకుని తిరగం కదా. సిగ్మా 18-50 ఎఫ్/2.8 క్రాప్ లెన్సు దాదాపు 290 గ్రాములు, అరచేతిలో పెట్టి వేళ్ళు మూస్తే సగం కనపడకుండా పోతుంది. సోనీ 24-70 ఎఫ్/2.8 జీఎమ్ టూ 695 గ్రాములు, అదీ ఆ తరగతిలో తేలికైనదని పేరున్న లెన్సు. ఇది న్యాయమైన పోలిక కాదని కొందరు అంటారు, నిజమే, బ్యాక్‌గ్రౌండ్ బ్లర్ లెక్కలో క్రాప్ ఎఫ్/2.8 అంటే ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు ఎఫ్/4.2, కాబట్టి ఎఫ్/4 జూముతోనే పోల్చాలి. సరే అలాగే పోలుద్దాం, నికాన్ 24-70 ఎఫ్/4 ఉంది, 500 గ్రాములు. ఇంకా 200 గ్రాములు తేడా ఉంది, పైగా చిన్నవాటిలో ఒకటి ఏరి తీసుకున్నా. టెలి, అంటే దూరాన్ని దగ్గరగా చూపే లెన్సుల వైపు వెళ్తే ఈ తేడా గ్రాముల్లో ఉండదు, కిలోల్లో ఉంటుంది. సోనీ 70-350 క్రాప్ లెన్సు 625 గ్రాములు, ఫుల్ ఫ్రేమ్ లెక్కలో 525 ఎంఎం దాకా చూపిస్తుంది, ఫుల్ ఫ్రేమ్‌లో అంత దూరం కావాలని 200-600 తీసుకుంటే రెండు కిలోలు దాటుతుంది. ఆ పెద్దది ఎక్కువ వెలుగు తీసుకుంటుంది, కాదనను, కానీ దాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోసినవాడికి భుజం చెప్తుంది మిగతాది.

రేటు విషయానికొస్తే సెన్సార్లని 300 మి.మీ. సిలికాన్ పళ్ళెం మీద అచ్చేసి కోస్తారు. అంచుల వృథా పక్కన పెట్టి చూస్తే దాని మీద ఫుల్ ఫ్రేమ్ ముక్కలు 80 దాకా పడితే క్రాప్ ముక్కలు 190 దాకా పడతాయి, పళ్ళెం మీద ఎక్కడో ఒక లోపం ఉంటే పెద్ద ముక్క పోతే పెద్ద నష్టం. ఈ తేడా తగ్గుతుందేమో గానీ మాయమైతే కాదు.

మూడోది, ఫోన్లు.

ఇది విన్నప్పుడల్లా నేను కొలతలు అడుగుతా. ఫుల్ ఫ్రేమ్ 36×24 మి.మీ., అంటే 864 చదరపు మి.మీ. క్రాప్ 23.5×15.6, సుమారు 367. ఫోన్లలో బాగా పెద్దదని చెప్పుకునే 1 అంగుళం టైపు సెన్సార్ 13.2×8.8, అంటే 116. లెక్కేయండి, ఫుల్ ఫ్రేమ్ క్రాప్ కన్నా 2.4 రెట్లు పెద్దది, కానీ క్రాప్ ఆ పెద్ద ఫోన్ సెన్సార్ కన్నా 3 రెట్లకి పైనే పెద్దది. ఫోన్‌కీ క్రాప్‌కీ మధ్య ఉన్న గొయ్యి, క్రాప్‌కీ ఫుల్ ఫ్రేమ్‌కీ మధ్య ఉన్న గొయ్యి కన్నా పెద్దది. ఫోన్లు తినేసింది ఏ కెమెరాలని? 28 చదరపు మి.మీ. సెన్సార్ పెట్టుకున్న చిన్న కాంపాక్టుల్ని, అంటే తమ సైజులో ఉన్నవాటిని. ఫోను పది ఫ్రేములు కలిపి ఒక ఫోటో చేసే పద్ధతి కదలని వాటికి అద్భుతంగా పనిచేస్తుంది, పరిగెత్తే పిల్లల్ని తీసి చూడండి, చేతులు కాళ్ళు మైనం కరిగినట్టు వస్తాయి.

నాలుగోది అన్నిటికన్నా ముఖ్యమైనది, “క్వాలిటీ సగం కూడా రాదు.”

ఎంత తేడా ఉందో అంతే చెప్పుకుందాం. విస్తీర్ణంలో 2.4 రెట్లు అంటే వెలుగు లెక్కలో ఒకటింపావు స్టాపు (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు), కెనాన్ క్రాప్ కాస్త చిన్నది కాబట్టి ఇంకొంచెం ఎక్కువ. ఒకే అపర్చర్ (లెన్సు కన్ను తెరుచుకునే కొలత) పెడితే క్రాప్‌లో ఐఎస్ఓ (వచ్చిన వెలుగుని ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 1600 దగ్గర కనపడే నాయిస్, అంటే గరుకు చుక్కలు, ఫుల్ ఫ్రేమ్‌లో 3800 దగ్గర కనపడుతుంది. చీకటి హాల్లో కదిలే మనుషుల్ని తీసి బతికేవాళ్ళకి ఇది చాలా పెద్ద తేడా, వాళ్ళు ఫుల్ ఫ్రేమే కొనాలి, నేనే కొనమంటా.

కానీ ఆ లాభం ఎప్పుడూ చేతికి రాదు, ఇది చాలామందికి తెలీదు. రెండు వరసల్లో ఎనిమిది మందిని నిలబెట్టి తీస్తున్నారనుకోండి, ఫుల్ ఫ్రేమ్‌లో అందరి ముఖాలూ షార్ప్‌గా రావాలంటే ఎఫ్/5.6 దాకా మూయాలి, క్రాప్‌లో అదే లోతు ఎఫ్/3.5, ఎఫ్/4 మధ్యలోనే వచ్చేస్తుంది. మూసినందుకు ఫుల్ ఫ్రేమ్‌లో ఐఎస్ఓ పెంచాలి, అక్కడితో ఒకటింపావు స్టాపూ ఖర్చయిపోయింది, రెండు ఫోటోల్లో నాయిస్ ఒకటే. మాక్రోలో, అంటే చిన్న వస్తువుల్ని బాగా దగ్గర నుంచి తీసేటప్పుడు, ఇంకా ఎక్కువగా ఇలాగే జరుగుతుంది.

ఇక పిట్టలు. ఒక పొద్దున నేనూ, ఫుల్ ఫ్రేమ్ వాడే నా ఫ్రెండూ ఒకే గట్టు మీద పక్కపక్కన కూర్చున్నాం, నీళ్ళలోకి వంగిన ఎండు కొమ్మ మీద లకుముకి పిట్ట. లెన్సు ఒకటే, 400 ఎంఎం, ఆయన బాడీకి ఒకసారి, నా బాడీకి ఒకసారి మార్చుకుంటూ తీశాం. ఆయనది 24 మెగాపిక్సెల్, నాది 32. ఇంటికొచ్చి ఆయన ఫోటోని నా ఫ్రేమంత కోస్తే మిగిలింది 9 మెగాపిక్సెల్ చిల్లర. నా దాంట్లో పిట్ట ముక్కు మొదట్లో ఉండే సన్నని ఈకలు విడివిడిగా లెక్కపెట్టేలా ఉన్నాయి, నోట్లో ఉన్న చేప కంట్లో ఆకాశం మెరుపు కనపడుతోంది, ఆయన దాంట్లో అది ఒక తెల్ల చుక్క. మబ్బు పట్టి వెలుగు తగ్గాక తీసినవి కూడా పక్కపక్కన పెట్టి చూశాం, నాయిస్‌లో చెప్పుకోదగ్గ తేడా లేదు, ఎందుకంటే లెన్సు ఒకటే, దూరం ఒకటే అయినప్పుడు పిట్ట బొమ్మ మీద పడే వెలుగు రెండు సెన్సార్ల మీదా ఒకటే, ఫుల్ ఫ్రేమ్‌కి ఎక్కువ వచ్చిన వెలుగంతా చుట్టూ ఉన్న నీళ్ళది, దాన్ని మనం కోసి పారేశాం. ఈ ఒక్క విషయం అర్థమైతే సగం గొడవ తీరిపోతుంది. 32 మెగాపిక్సెల్ కెనాన్ క్రాప్ ఇచ్చే సాంద్రత ఫుల్ ఫ్రేమ్‌లో కావాలంటే 83 మెగాపిక్సెల్ బాడీ కావాలి.

సినిమా వాళ్ళ సంగతి కూడా ఒక మాట. దశాబ్దాలుగా సినిమాలు తీసిన సూపర్ 35 ఫ్రేమ్ సుమారు 25×19 మి.మీ., మన క్రాప్‌కి దగ్గర చుట్టం. 2022లో ఆరీ కంపెనీ తెచ్చిన అలెక్సా 35 సినిమా కెమెరా కూడా దాదాపు ఆ సైజే. వాళ్ళెవరూ అది సగం క్వాలిటీ అనుకోవట్లేదు.

ఆఖరిది, “కొంటే ఫుల్ ఫ్రేమ్ లెన్సులే కొనండి, రేపు అప్‌గ్రేడ్ అవ్వొచ్చు.”

ఈ సలహా వల్ల జరిగిన నష్టం నేను చాలాసార్లు చూశా. క్రాప్ బాడీకి 24-70 పెడితే అది 36-105లా చూస్తుంది, అంటే వైడ్ పోయింది. ఒకాయన ఇలాగే కొని, చిన్న గదిలో పదిమందిని ఒక ఫ్రేములో పట్టించాలని వీపు గోడకి ఆనించి, చివరికి తలుపు తీసి బయటికి వెళ్ళి గుమ్మంలోంచి తీశారు, ఫోటోకి రెండు పక్కలా తలుపు చెక్కలు వచ్చాయి. రేపటి బాడీ కోసం ఇవాళ్టి ఫోటోలు పోగొట్టుకోవడం ఎందుకు? మధ్యలో ఒక తేడా చెప్పాలి, పెద్ద టెలి లెన్సులు ఫుల్ ఫ్రేమ్‌వి కొన్నా క్రాప్‌కి చక్కగా సరిపోతాయి, పిట్టలు తీసేవాళ్ళంతా చేసేదదే. వైడ్, మామూలు జూములు మాత్రం మీ సెన్సార్ కోసం చేసినవే కొనండి. మంచి క్రాప్ లెన్సుని సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కునేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఆ కుర్రాడికి ఇవన్నీ అదే రాత్రి చెప్పలేదు. ఒక పని చెప్పా, “ముందు నీ రెండేళ్ళ ఫోటోలన్నీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి ఐఎస్ఓ ఎంత వాడావో, ఏ ఫోకల్ లెంత్‌లో తీశావో వేరుచేసి చూడు నాన్నా, తర్వాత అమ్మే సంగతి మాట్లాడదాం” అని. మర్నాడు మధ్యాహ్నం స్క్రీన్‌షాట్ పంపాడు. ఐఎస్ఓ 3200 దాటినవి నలభై కూడా లేవు. సగానికి పైగా ఫోటోలు జూమ్ చివర 50 ఎంఎం దగ్గరే, అపర్చర్ పూర్తిగా తెరిచి తీసినవి. వాడికి కావాల్సింది పెద్ద సెన్సార్ కాదు, ఇంకొంచెం పొడుగ్గా, ఇంకొంచెం వెలుగు తీసుకునే లెన్సు. ఇప్పుడు 56 ఎఫ్/1.4 వెతుకుతున్నాడు.