నాలుగో నిమ్మకాయ

అమెరికాలో ఉంటూ అమెరికా కారు కొంటానంటే ఇంతమంది కంగారుపడతారని నేను అనుకోలేదు.

టెక్సాస్‌లోని మా ఫ్రిస్కోలో ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా, బిర్యానీ ప్లేట్లు పట్టుకుని గరాజ్ దగ్గర నిలబడ్డ మగాళ్ల గుంపు ఒకటి ఉంటుంది. వీసాలు, ఇళ్ల రేట్లు అయ్యాక అక్కడ మూడో సబ్జెక్టు కార్లు. ఆ గుంపులో నోరు జారాను. "కళ్లు మూసుకుని టయోటా క్యామ్రీ కొనెయ్" అన్నారొకరు. "పోనీ హోండా అకార్డ్ అయినా పర్లేదు" అన్నారు ఇంకొకరు, కట్నం కాస్త తగ్గినా సర్దుకోమన్నట్టు.

అందరికన్నా ఎక్కువ బాధపడింది మా తోడల్లుడు. ఆయనదీ జపాన్ కారే, 2009 మోడల్. ఏ కంపెనీయో చెప్పను, చెబితే దానికి దిష్టి తగులుతుందని ఆయన భయం. 2,38,000 మైళ్లు తిరిగింది. ఆ అంకె ఆయన నోటే వినాలి. కొడుకు ఎంసెట్ ర్యాంకు చెప్పే తండ్రి కూడా అంత నిదానంగా చెప్పడు. "ఆయిల్ మార్చడం తప్ప చెయ్యి పెట్టలేదు తమ్ముడూ" అంటాడు. బంపరుకి డక్ట్ టేపు ఉంది, అది లెక్కలోకి రాదు. ఏసీ డ్రైవర్ వైపే చల్లగా వస్తుంది, అదీ రాదు. పైకప్పుకి అతికించిన గుడ్డ ఊడి, వెనక కూర్చున్నవాళ్ల నెత్తిన పెళ్లి పందిరిలా వేలాడుతుంది. అడిగితే "అది ఇంజిన్ కాదుగా" అంటాడు.

నాకు నచ్చిన అమెరికా కారులో సీటులోంచే చల్లగాలి వస్తుంది. టెక్సాస్‌లో ఆగస్టు నెల గడిపినవాడికి అంతకన్నా కారణం అక్కర్లేదు. కానీ ఇంట్లో అది చెల్లదు కాబట్టి సర్వేలు చదివాను. కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు తమ సభ్యుల్ని అడిగి ఏటా జాబితా వేస్తారు. అందులో టయోటా, లెక్సస్ ఎప్పుడూ పైమెట్ల దగ్గరే కూర్చుంటాయి. జె.డి. పవర్ వాళ్లది వేరే లెక్క: మూడేళ్లు వాడిన కార్లు తీసుకుని, 100 కార్లకి ఎన్ని సమస్యలని. అక్కడ బ్యూయిక్ లాంటి అమెరికా పేర్లూ పైవరసలో కనబడుతుంటాయి. కాకపోతే ఆ లెక్కలో ఫోను బ్లూటూత్‌కి కలవకపోవడమూ ఒక సమస్యే, గేర్‌బాక్సు పోవడమూ ఒక సమస్యే. నేను జె.డి. పవర్ పట్టుకున్నాను, తోడల్లుడు కన్స్యూమర్ రిపోర్ట్స్ పట్టుకున్నాడు. రెండు పంచాంగాలున్న ఊళ్లో పండగ రెండు రోజులొస్తుంది. మా ఇంట్లో రెండు నెలలు నడిచింది.

చివరికి సెకండ్ హ్యాండ్‌లో ఎస్‌యూవీ కొన్నాను. మా తోడల్లుడికున్న భయమే నాకూ పట్టుకుంది కాబట్టి కంపెనీ పేరు నేనూ చెప్పను.

గుడికి తీసుకెళ్లి వాహనపూజ చేయించాం. ఊళ్లో అమ్మ వీడియో కాల్‌లో చూస్తోంది. పంతులుగారు నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి "కదిలించండి" అన్నారు. టప్, టప్, టప్. మూడే. నాలుగోది చక్రం కింద నుంచి జారి, పార్కింగ్ వాలులో నింపాదిగా దొర్లుకుంటూ వెళ్లి, తోడల్లుడి కారు ముందు చక్రం దగ్గర ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. పదినిమిషాల తర్వాత ఆయన కారు తీశాడు. టప్.

"నాలుగోది ఎక్కడో పగిలినట్టుందే" అంది అమ్మ ఫోన్లోంచి.

సోమవారం ఆఫీసులో ఈ సంగతి ఒక పెద్దాయనకి చెప్పాను. ఆయనది మిషిగన్, తండ్రి డెట్రాయిట్‌లో కార్ల ఫ్యాక్టరీ కార్మికుడు. నేను నిమ్మకాయ అనగానే కాఫీ పొలమారేలా నవ్వాడు. ఇక్కడ పుట్టుకతోనే పాడైన కారుని నిమ్మకాయ అంటారట. కొత్త కారు పదేపదే అదే రోగంతో షెడ్డుకి వెళ్తుంటే కంపెనీయే వెనక్కి తీసుకోవాలనే చట్టం పేరు కూడా లెమన్ లా. "దాన్ని మీరు చక్రం కింద పెట్టి తొక్కిస్తారా! మా నాన్న ఉంటే మీ గుడికి చందా ఇచ్చేవాడు" అన్నాడు.

తర్వాత కాస్త సీరియస్ అయ్యాడు. 1984లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్, టయోటా కలిసి ఒక ఫ్యాక్టరీ మొదలుపెట్టాయట. అక్కడ ఒకే వరసలో, అవే చేతుల మీదుగా కవలల్లాంటి కార్లు తయారయ్యేవి. ఒకదానికి కొరొల్లా అని పేరు, ఇంకోదానికి ప్రిజమ్ అని అమెరికా పేరు. సెకండ్ హ్యాండ్‌లో అమ్మబోతే కొరొల్లాకి ఎక్కువ ధర. "పేరుపలక విలువ చూశావా!" అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో ఇప్పుడు టెస్లాలు తయారవుతున్నాయి. ఈ కథ తోడల్లుడికి చెబితే "ఎక్కువ ధర ఊరికే ఇస్తారా తమ్ముడూ" అన్నాడు. ఒకే కథతో ఇద్దరమూ గెలిచాం.

రెండు నెలలు బండి బంగారంలా నడిచింది. ఎంత బంగారమంటే, అత్తయ్యగారు, మావయ్యగారు ఊరి నుంచి వస్తున్నారని వాళ్లకోసం పెద్ద టీవీ కొని, బాక్సు తన డిక్కీలో పట్టక తోడల్లుడే మా కారు అడిగి తీసుకెళ్లాడు. మర్యాదస్తుడు, సాయంత్రం పెట్రోలు కొట్టించి మరీ తెచ్చిచ్చాడు.

మంగళవారం వాళ్లని తీసుకురావడానికి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాను. 121 టోల్‌వే మీద ఉండగా మీటర్ల మధ్య పసుపుపచ్చ దీపం వెలిగింది. చెక్ ఇంజిన్. ఆ బొమ్మ మీరెప్పుడైనా దగ్గరగా చూశారా? కుళాయి బిగించిన బిందెలా ఉంటుంది. దాన్ని చూసి బిందెడు చెమట పట్టింది నాకు, సీటు కింద నుంచి చల్లగాలి వస్తున్నా. పైగా ఆ వారమే ఎమిషన్స్ టెస్టు, అంటే కారు పొగ పరీక్ష. ఆ దీపం వెలుగుతుంటే ఫెయిలే. తర్వాతి ఎగ్జిట్‌లో దిగి, ఒక షాపింగ్ సెంటర్ పార్కింగ్‌లో ఆపి, చెయ్యకూడని ఫోన్ చేశాను.

తోడల్లుడు ఇరవై నిమిషాల్లో వచ్చాడు. తలదువ్వుకుని వచ్చాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అదే భరించలేకపోయాను. వాళ్లని తీసుకొచ్చేటప్పుడు వెనక సీట్లో అత్తయ్యగారు ఒడిలో ఆవకాయ సీసా, నెత్తిన ఆ గుడ్డ పెట్టుకుని, సీతమ్మవారిలా కూర్చున్నారు.

"చిన్నల్లుడి బండి ఏదీ?" అన్నారు మావయ్యగారు. తోడల్లుడు ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నాడు. నేరుగా ఆ పార్కింగ్‌కే పోనిచ్చాడు.

మావయ్యగారు గుడివాడ ఆర్టీసీ డిపోలో 30 ఏళ్లు మెకానిక్. ఇరవై రెండు గంటలు ప్రయాణం చేసొచ్చిన మనిషి, ఆగిన బండి కనబడగానే చొక్కా చేతులు మడిచారు. "చాసిస్ నంబరు ఎక్కడుంటుంది బాబూ?" అని అడిగి, అద్దం వెనక ఉన్న 17 అక్షరాల పలక మీద కళ్లజోడు ఆనించారు. "మూడుతో మొదలైంది. మన బళ్లకి ఎమ్ ఉంటుంది. మూడంటే ఏ దేశం?"

ఫోన్లో చూశాను. మెక్సికో.

ఆయన పక్కనే ఉన్న తోడల్లుడి కారు దగ్గరికి నడిచారు. "ఇది నాలుగు."

నాలుగంటే అమెరికా. జపాన్‌ది అయితే జె అని ఉండాలి. కెంటకీలో 1988 నుంచి క్యామ్రీలు, ఒహాయోలో 1982 నుంచి అకార్డ్‌లు తయారవుతున్నాయని చదివినవాణ్నే, కానీ మా ఇంటి గొడవకి అది వర్తిస్తుందని తట్టలేదు. రెండు నెలలు అమెరికా తరపున నేను మెక్సికో కోసం, జపాన్ తరపున ఆయన అమెరికా కోసం పోట్లాడుకున్నామన్నమాట. తోడల్లుడు మొట్టమొదటిసారి తన కారుని కాస్త అనుమానంగా చూశాడు.

మావయ్యగారికి ఇవేం పట్టలేదు. "దీపం ఎరుపా, పసుపా? ఆరి వెలుగుతోందా, నిలకడగా ఉందా? వేడెక్కిందా?" అంటూ చుట్టూ తిరిగి, వెనక చక్రం పైన ఆగి గాలి పీల్చారు. చిన్న తలుపు తెరిచారు. పెట్రోలు మూత మరలో ఏటవాలుగా కూర్చుని ఉంది. తీసి, సరిగ్గా పెట్టి తిప్పారు. టక్. టక్. టక్.

"ట్యాంకులో ఆవిరి బయటికి పోతే దీపం వెలుగుతుంది. అంతే. మూత ఎవరు పెట్టారు?"

అదే వరసలో ఉన్న ఆటోపార్ట్స్ షాపువాళ్లు ఉచితంగా కోడ్ చదివిపెట్టారు. పి0457: ఆవిరి లీకు, మూత వదులు. ఆయన ముక్కుతో చదివింది వాళ్లు మిషన్‌తో చదివారు.

తోడల్లుడు దూరంగా ఉన్న చెట్టుని చూస్తున్నాడు. "మా దానికి ఒక్క టక్కుకే బిగుస్తుంది తమ్ముడూ" అన్నాడు చివరికి.

అత్తయ్యగారు మారుమాట్లాడకుండా ఆవకాయ సీసాతో సహా చల్లగాలి సీట్లోకి మారిపోయారు.

మూత బిగించగానే దీపం ఆరదు, కొన్ని రోజులు నడిపాక కారు తనంతట తాను నమ్మాలి. అమ్మ మాత్రం ఫోన్లో "ఆ నాలుగో కాయ మీది తొక్కలేదు, అప్పుడే అనుకున్నా" అంటూనే ఉంది.

తర్వాతి శనివారం ఇంకో పుట్టినరోజు. గరాజ్ దగ్గర తోడల్లుడు కథ చెబుతున్నాడు: హైవే, పసుపు దీపం, అర్జెంటుగా వచ్చిన ఫోను, ఒక్క మాటా అనకుండా తాను వెళ్లి ఆదుకోవడం. అందరూ ప్లేట్లు పట్టుకుని నోరు తెరిచి వింటున్నారు. "ఇంతకీ ఏమైంది కారుకి?" అని ఎవరో అడిగారు.

"రైతా అయిపోయినట్టుంది, ఉండండి" అని ఆయన లోపలికి వెళ్లాడు.