లైటు ఆర్పాక నేరమెక్కడిది?

మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరోంచలోని ఒక వసతిగృహంలో పెద్ద తరగతుల కుర్రాళ్లకున్న న్యాయశాస్త్ర పాండిత్యాన్ని ఇంతవరకు ఎవరూ గుర్తించకపోవడం విచారకరం. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, బడిలో మరాఠీ చదువుతూ ప్రాణహిత ఒడ్డున పెరిగిన ఈ మేధావులు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 92వ సెక్షన్‌ను పుస్తకం తెరవకుండానే ఔపోసన పట్టారు. దివ్యాంగులను కించపరచాలని కావాలనే అవమానించినా, బెదిరించినా 6 నెలల నుంచి 5 ఏళ్ల దాకా జైలు, పైగా జరిమానా అంటుంది ఆ సెక్షన్. అయితే అది నలుగురి కంటా పడే చోట జరిగి ఉండాలని కూడా అంటుంది. అందుకే మనవాళ్లు లైటు ఆర్పాకే పని మొదలుపెడతారు. కాలు చచ్చుబడిన 8వ తరగతి పిల్లవాడి చంకకర్రలను అటక మీద పడేసి, "ఎగిరి అందుకోరా, చూద్దాం" అంటారు. వాడు మంచం కోళ్లు పట్టుకుని, గోడ తడుముకుంటూ మరుగుదొడ్డి దాకా దేకుతున్న చప్పుడు గదంతా వినిపిస్తుంది. చట్టం కంటి సంగతే చెప్పింది గానీ చెవి సంగతి చెప్పలేదు కదా!

1999 నాటి మహారాష్ట్ర ర్యాగింగ్ నిషేధ చట్టం మాత్రం కాస్త మొండిది. విద్యాసంస్థ లోపలైనా బయటైనా నేరమే, 2 ఏళ్ల దాకా జైలు, 10,000 రూపాయల దాకా జరిమానా. రాతపూర్వకంగా ఫిర్యాదు అందితే 7 రోజుల్లో విచారణ జరపాలని, పట్టించుకోని ప్రధానాధికారిని నేరానికి తోడ్పడినట్టే లెక్కగట్టాలని అందులో రాసుకున్నారు. ఇంత బరువు నెత్తిన పెడితే పాపం పెద్దసారు ఏం చేస్తారు? ఫిర్యాదు అందకుండా చూసుకుంటారు. పిల్లవాడు నోటితో చెబితే, అది రాత కాదు. తెలుగులో రాస్తే, ఆఫీసు భాష కాదు. మరాఠీలో రాసి తెస్తే, ఆయనలోని భాషాభిమాని మేల్కొని, ఎర్ర సిరాతో దీర్ఘాలు దిద్ది, "శుద్ధప్రతి రాసుకుని రా నాయనా" అని ఆప్యాయంగా తిప్పి పంపుతారు. (ర్యాగింగ్ సంగతేమో గానీ, ఆ పిల్లవాడి మరాఠీ మాత్రం బాగుపడుతోందని ఒప్పుకోవాలి.)

మొన్న వాడు మూడోసారి, ఒక్క తప్పూ లేకుండా రాశాడట. కాకపోతే ఈలోగా పెద్దసారు గది మేడ మీదికి మారింది. పద్దెనిమిది మెట్లు. ఎక్కడానికి కావలసిన కర్రలు అటక మీద ఉన్నాయి.