ఎనిమిది పోయి పది వచ్చిందని సంబరపడకండి

అమెరికాలో కాలేజీ ఆటగాళ్లకు చెల్లింపులపై నడిచిన కోర్టు కేసులో కుదిరిన రాజీ, అదే హౌస్ సెటిల్‌మెంట్, దాని కథ అందరికీ తెలిసిందే. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఓకే అన్నారు, అమెరికన్ కాలేజీలు తొలి ఏడాది 2.05 కోట్ల డాలర్ల దాకా ఆటగాళ్లకు నేరుగా పంచొచ్చు. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కే, తర్వాత అబ్బాయిల బాస్కెట్‌బాల్‌కు. అమ్మాయిల టెన్నిస్‌కు చిల్లర.

నాకు ఒళ్లు మండేది మాత్రం స్కాలర్‌షిప్ లెక్క చూసి. కాలేజీ ఆటల్లో పై అంచె అయిన డివిజన్ 1లో మహిళల టెన్నిస్ జట్టుకు పాత పరిమితి 8 స్కాలర్‌షిప్‌లు. ఒక అమ్మాయికి సగం ఫీజే ఇచ్చినా ఎనిమిదిలో ఒకటి వాడేసినట్టే, అందుకని కోచ్ ఇస్తే పూర్తిగానే ఇచ్చేవారు, ఫీజు, హాస్టల్, తిండి అన్నీ కలిపి. అబ్బాయిలకు ఉండేది 4.5, అవి ముక్కలు చేసి పంచేవే. ఇప్పుడు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో అమ్మాయిలకూ అదే ముక్కల పద్ధతి వచ్చింది, జట్టులో పది మంది దాకా ఉండొచ్చు, ఎవరికి ఎంత అనేది కోచ్ ఇష్టం. బడ్జెట్ పెరగకుండా సీట్లు పెరిగితే ఏమవుతుందో పెళ్లిలో వంటవాణ్ని అడిగినా చెబుతాడు. హక్కులా వచ్చేది కాస్తా బేరమైపోయింది.

ఫుట్‌బాల్ సంపాదిస్తుంది, టెన్నిస్‌కు టికెట్లు కూడా అమ్ముడుపోవు, డబ్బు తెచ్చినవాళ్లకే డబ్బు అంటారు. సరే, మరి చదువుల్లో ఆడామగా తేడా చూపకూడదనే 1972 నాటి టైటిల్ 9 చట్టంలో లాభం తెచ్చే ఆటకే సమానత్వం అని ఎక్కడుంది? టెక్సస్ యూనివర్సిటీ ఎల్ పాసో శాఖ 2025లో మహిళల టెన్నిస్ జట్టునే ఎత్తేసింది.

స్టాఫ్ సంగతీ అంతే. 2023లో జీతం లేని వాలంటీర్ కోచ్ పదవి తీసేశారు, మంచిదే, కానీ ఆ జీతం ఏ పద్దులోంచి రావాలి? 1972లో మహిళల జట్లకు పదింట తొమ్మిదికి పైగా ఆడవాళ్లే కోచ్‌లు, ఇప్పుడు సగం కూడా లేరు. అడిగేవాళ్లు లేని చోటే ముందు కోత పడుతుంది. చదువుకు వంక పెట్టడానికీ లేదు, సీజన్‌లో వారానికి 20 గంటల దాకా ప్రాక్టీస్ చేస్తూ కూడా ఈ జట్లు మార్కుల్లో వెనకబడవు.

ఇదంతా మనకెందుకంటారా? ఆట, చదువు రెండూ ఒకేచోట దొరికే దారి మన తెలుగమ్మాయిలకు ఇదొక్కటే. సహజ యమలపల్లి టెక్సస్‌లోని సామ్ హ్యూస్టన్ స్టేట్‌లో ఆడి వచ్చాకే దేశం తరఫున మహిళల టెన్నిస్ జట్ల ప్రపంచ పోటీ బిల్లీ జీన్ కింగ్ కప్‌లో దిగింది. ఇక్కడ ఇంటర్ మొదలవగానే రాకెట్ అటక ఎక్కుతుంది, మన కార్పొరేట్ కాలేజీలకు మైదానమే ఉండదు, కోర్టు మాట దేవుడెరుగు. అమెరికా వాళ్లు ఉన్నది చెడగొట్టుకుంటున్నారు, మనం అసలు కట్టనే లేదు. ఫీజులు లక్షల్లో గుంజే యాజమాన్యాల్ని ఒక్క టెన్నిస్ కోర్టు చూపించమని ఏ ప్రభుత్వమైనా గట్టిగా అడిగిందా?