రెగ్యులర్ కోర్సు, రానవసరం లేదు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభానికి అంటించిన కరపత్రం ఇది: ‘బీఎడ్ అడ్మిషన్లు. రెగ్యులర్ కోర్సు. కాలేజీకి రానవసరం లేదు.’ రెండో వాక్యానికీ మూడో వాక్యానికీ పొసగడం లేదనుకునే అమాయకులకు ఉపాధ్యాయ విద్యలో భవిష్యత్తు లేదు.

బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో ర్యాంకు వచ్చిన ఇళ్లలో ఇప్పుడు వినిపించే ప్రశ్న ఒక్కటే: ‘రోజూ రావాలంటారా?’ మాసబ్‌ట్యాంక్‌లో ప్రభుత్వ కాలేజీ ఉంది, ఉస్మానియా క్యాంపస్‌లో విశ్వవిద్యాలయ కాలేజీ ఉంది. ‘అక్కడ రమ్మంటారట’ అని పెద్దలు గొంతు తగ్గించి చెప్పుకుంటారు, పెళ్లికొడుకు తాగుతాడని తెలిసినట్టు.

2015 నుంచి బీఎడ్‌ను రెండేళ్లు చేశారు. ఒక్క ఏడాది రాకుండా ఉంటే చాలడం లేదని కాబోలు. ఉపాధ్యాయ విద్యను నియంత్రించే జాతీయ మండలి ఎన్‌సీటీఈ నిబంధనల ప్రకారం తరగతులకు 80 శాతం, బడిలో ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. అందుకే ఆ హాజరుకు విడిగా ధర ఉంటుంది.

ఓ కాలేజీకి ఫోను చేసి, తరగతులు ఎన్ని గంటలకు మొదలవుతాయని అడిగాను. అవతలి గొంతు మారిపోయింది. “మీరెవరండీ? ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు?” పాఠాల గురించి అడిగేవాడు విద్యార్థి అయి ఉండడని ఆయనకు అనుభవం నేర్పింది.

ఇలాంటి కాలేజీకి నిజమైన పండగ తనిఖీ రోజు. తెల్లవారుజామున గ్రంథాలయం ఆటోలో దిగుతుంది. గోడ మీద ఫొటోలుగా మాత్రమే ఉన్న అధ్యాపకులు సశరీరంగా ప్రత్యక్షమవుతారు. వారిలో సైకాలజీ మేడమ్ సైకాలజీ ల్యాబ్ ఎక్కడుందని వాచ్‌మన్‌ను అడుగుతారు. వాచ్‌మన్ కూడా ఆ రోజుకే వచ్చినవాడు. రెండో సంవత్సరం విద్యార్థులు ఒకరికొకరు పరిచయం చేసుకుంటారు. ఒకతను ప్రిన్సిపాల్‌కు నమస్కరించి, “మీరూ ఈ బ్యాచేనా అన్నా?” అని ఆప్యాయంగా పలకరిస్తాడు. ప్రిన్సిపాల్ కాదనలేడు, ఆయనా ఇదే మొదటిసారి రావడం. సాయంత్రానికి ఆటో తిరిగి వచ్చి గ్రంథాలయాన్ని తీసుకుపోతుంది. రాత్రికి మరో కాలేజీలో దింపాలి.

లెసన్ ప్లాన్ల సంగతి చెప్పేదేముంది, రాసిపెట్టేవాళ్లున్నారు. ఇంటర్న్‌షిప్ అంటే తెలిసిన హెడ్మాస్టరు సంతకం.

ఇదంతా నేను కనిపెట్టిన రహస్యమేమీ కాదు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ వర్మ కమిషన్ 2012లోనే నివేదిక ఇచ్చింది. పది వేలకు పైగా కాలేజీలు చదువు చెప్పే ప్రయత్నం కూడా చేయకుండా పట్టాలు అమ్ముకుంటున్నాయని ఆ కమిషన్‌ను ఉటంకిస్తూ 2020 జాతీయ విద్యావిధానమే రాసుకుంది. రాసుకుని ఏం చేశారు? ఎనిమిదో తరగతి పిల్ల లేచి, మైనస్‌ను మైనస్‌తో గుణిస్తే ప్లస్ ఎందుకొస్తుంది సార్ అంటే, జీవితంలో ఒక్కనాడూ పిల్లల ముందు నిలబడని మనిషి ‘కూర్చో, అది రూల్’ అంటాడు. ఆ పిల్ల ఇంకెప్పుడూ లేవదు. తండ్రి సెంట్రింగు పనికి పోయి బడికి పంపిన పిల్ల! ఆమె నోరు మూయించిన పట్టాను అమ్మినవాడికీ, కొన్నవాడికీ, చూసీ చూడనట్టు సంతకం పెట్టినవాడికీ సిగ్గుండాలి.

ఆన్‌లైన్‌లో కాలేజీలను ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టుకునేవాళ్లు ముందు ఆ కాలేజీకి ఫోను చేసి అడగండి: ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారు, నేను పాఠం చెబుతుంటే వెనక బెంచీలో కూర్చుని చూసే అధ్యాపకుడెవరు అని. ఫోను పెట్టేస్తే ఆ కాలేజీ కోడు కొట్టేయండి.