విశేషమేం లేదు, అలసిపోయింది

మే నెలాఖరున మా మరదలు వాట్సాప్ స్టేటస్‌లో ఒక్క లైను పెట్టింది. "జూన్, జూలై నెలల్లో కేక్ ఆర్డర్లు తీసుకోవడం లేదు." అంతే. కారణం రాయలేదు. సాయంత్రానికి వచ్చిన మెసేజ్‌లలో సగం ఒకటే ప్రశ్న: "ఏమ్మా, విశేషమా?" మిగతావాళ్లలో "ఇంట్లో ఏమన్నా గొడవా?" అన్నవాళ్లు కొందరు, "మాకొక్క అరకేజీ చేసి ఆపేయ్" అన్నవాళ్లు కొందరు. అలసిపోయిందేమో అని ఎవరికీ తోచలేదు. తోచనివాళ్లలో నేనూ ఉన్నాను. డల్లాస్ నుంచి నేను పెట్టిన మెసేజ్ ఇది: "నాన్న పుట్టినరోజు ఆగస్టులో కదా, అప్పటికి మొదలుపెడతావుగా?"

నాకు తెలియక కాదు. పోయిన వేసవి సెలవుల్లో పిల్లలతో కడపకు వెళ్లి మూడు వారాలు ఆ ఇంట్లోనే ఉన్నాను. కడపలో ఎండ 40 డిగ్రీలు దాటే రోజులవి. గిలకొట్టిన క్రీము నిలబడాలంటే ఏసీ కావాలి, ఏసీ ఉన్నది ఒక్క పడగ్గదిలో. కాబట్టి ఆ గది కేకుల గదైపోయింది. మంచం గోడకు నెట్టేశారు. తమ్ముడు, వాడి కొడుకు హాల్లో ఫ్యాన్ కింద చాప మీద పడుకునేవాళ్లు. "ఫ్రిజ్‌లో పెరుగ్గిన్నె పెట్టేకి జాగా ల్యా" అని అమ్మ రోజూ గొణిగేది. రాత్రి పన్నెండుకు కోయాల్సిన కేకైతే పదకొండున్నరకు తమ్ముడు బైకు తీసేవాడు, వెనక ఆమె పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. ఎర్రముక్కపల్లి నుంచి ఏడు రోడ్ల దాకా ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో ఆమెను అడిగితే చెబుతుంది.

ఒక రాత్రి కేకు మీద పేరు రాస్తుంటే కుడి బొటనవేలు పట్టేసింది. ఎడమ చేత్తో మణికట్టు గట్టిగా పట్టుకుని, పైపింగ్ బ్యాగు నొక్కుతూ రాసింది. తీరా చూస్తే పేరులో ఒక అక్షరం తప్పిపోయింది. చెంచా అంచుతో గీకి, క్రీము సాపు చేసి, మళ్లీ రాయబోతూ ఏడ్చేసింది. ఒక్క అక్షరానికి ఏడుస్తారా అని నేను నవ్వాను కూడా. ఆమె రాత్రి మూడింటికి ఓవెన్ గంట మోగినట్టనిపించి ఉలిక్కిపడి లేచి వెళ్లి చూస్తుందని, ఓవెన్ ఆపేసే ఉంటుందని నాకు తర్వాత తెలిసింది. చేయి చూసిన డాక్టరు బొటనవేలి మొదట్లో వాపు ఉంది, పని తగ్గించమన్నాడు. నిద్ర బాగా పడుతోందా అని కూడా అడిగాడట. ఈమె తల వంచుకుందట.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని, తన వర్గీకరణలో పెడుతూ, అది జబ్బు కాదు, పనిచోట సర్దుకోలేక దీర్ఘకాలం కొనసాగే ఒత్తిడి వల్ల వచ్చేది అంది. పనిచోట అన్నారు, సరే. పనిచోటు పడగ్గదే అయినప్పుడు ఇంటికెళ్లి విశ్రాంతి తీసుకో అని ఎలా చెబుతాం? ఆమె ఇంట్లోనే ఉంది కదా. ఆ ఇంట్లోనే ఉండటమే అసలు చిక్కు. బయటివాళ్లకు అది సరదా పని, టైమ్‌పాస్. ఫ్రిజ్ పక్క గోడకు మాత్రం ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ కాగితం వేలాడుతుంటుంది, 14 అంకెల నంబరుతో. ప్రభుత్వం లెక్కలో ఆమె ఆహార వ్యాపారి. షాపుల్లో పనిచేసేవాళ్లకు వారానికో రోజు సెలవివ్వాలని 1988 నాటి రాష్ట్ర చట్టం ఉంది. అది ఈమె గుమ్మం ఎక్కదు, యజమానీ తనే, పనిమనిషీ తనే.

ఇక డల్లాస్‌లాంటి ఊళ్లలో ఉంటున్న మన సంగతి. ఈ పత్రిక చదివేవాళ్లలో ఊళ్లో అమ్మానాన్నలకు కేకు పంపనివాళ్లు అరుదు. మనకు సాయంత్రం ఏడింటికి గుర్తొస్తుంది, ఫోన్ చేస్తాం. అక్కడ తెల్లవారుజాము ఐదున్నర. "ఇంకో రెండొందలు ఎక్కువ తీసుకోమ్మా" అంటాం, డబ్బులిస్తే చేయి నొప్పి పోతుందన్నట్టు. ఆ అర్ధరాత్రి కేకు కూడా ఎవరి కోసం? తొమ్మిదింటికే పడుకునే పెద్దవాళ్లను లేపి కోయిస్తున్నాం, ఎందుకంటే మనకది మధ్యాహ్నం ఒకటిన్నర, లంచ్ బ్రేక్‌లో వీడియో కాల్‌కు అనువు. నా మట్టుకు నేను ఆ అలవాటు మానేశాను, మీరూ మానేయండి. వారం ముందు చెప్పండి. కుదరదంటే ఎందుకని అడక్కండి.

ఇంకో అలవాటుంది మనకు. ఎవరైనా అలసిపోయానంటే చాలు, ఇద్దరమ్మాయిల్ని పెట్టుకో, బ్రాండ్ చెయ్, ఇన్‌స్టాగ్రామ్ పెంచు అని మొదలుపెడతాం. కాసేపు కూర్చుంటానన్న మనిషికి ఫ్యాక్టరీ పెట్టమని సలహా. ఆ మాటలన్నీ నేనే అన్నాను ఆమెతో. ఆమె నవ్వి, "ముందు నిద్రపోనీ వదినా" అంది.

రెండు నెలలు ఆపడం తేలిక కాదు. జూన్‌లోనే పిల్లవాడి స్కూలు ఫీజు. ఉద్యోగమైతే సిక్ లీవ్ ఉంటుంది, ఇక్కడ ఓవెన్ ఆగితే డబ్బూ ఆగుతుంది. ఆ లెక్క చూసుకునే రెండేళ్లు నెట్టుకొచ్చింది. ఫీజు నేను కడతానంటే తమ్ముడు ఒప్పుకోలేదు, కడప పౌరుషం మరి.

విశ్రాంతి అనగానే మనసు తేలికైపోతుందనుకుంటాం. మొదటి వారం ఆమెకు ఇంకా కష్టమైంది. "ఊరకనే కూచుంటే చేతులు ఏం చేయాలో తెలీడంల్యా" అంది. ఫోన్ మోగితే గుండె దడ. అందరి మీదా విసుగు. పదో రోజుకు కాబోలు, మధ్యాహ్నం పడుకుని దీపాలు పెట్టే వేళకు లేచింది. ఎవరూ లేపలేదు. తమ్ముడు ఉగ్గాని చేయడం నేర్చుకున్నాడు, బొరుగులు మరీ ఎక్కువ నానబెడతాడని అమ్మ ఫిర్యాదు. పొద్దున్నే ఎండ రాకముందు దేవుని కడప దాకా నడిచి వచ్చేది. జూలై చివర్లో ఒక రోజు, క్రీము గీము లేకుండా అరటిపండు కేకు చేసింది, ఇంట్లోవాళ్లకే. వంకరగా పొంగిందట. ఫొటో తీయలేదు.

ఆగస్టులో మళ్లీ మొదలుపెట్టింది. రోజుకు రెండే కేకులు, రాత్రి డెలివరీ లేదు, ఆదివారం సెలవు. నాన్న పుట్టినరోజు సరిగ్గా ఆదివారం పడింది. ఇంటి కేకే కదా అని అడిగాను. "ఆదివారం ఓవెన్ పెట్టను వదినా" అంది, మెత్తగానే. ఇంత రాస్తున్న నాకే ఒక నిమిషం ముఖం మాడింది.

ఆ రోజు వీడియో కాల్‌లో అందరూ ఉన్నారు. నాన్న కొత్త పంచెలో, పక్కన మనవడు, వెనక నిలబడి మరదలు, చేతులు కట్టుకుని. కేకు లేకపోతే ఏం, ఓళిగలున్నాయి అన్నాడు నాన్న. అమ్మ ఏదీ అని అడిగాను. తమ్ముడు ఫోన్ అటు తిప్పాడు. వంటింట్లో పెనం ముందు, కొంగుతో మెడ తుడుచుకుంటూ, అమ్మ ఇంకో ఓళిగ తిరగేస్తోంది.